కడుపులో మంట వేరు, పేగులో వాపు వేరు

కర్నూలులో అయినా కడపలో అయినా ఎవరైనా "కడుపులో మంటగా ఉందబ్బా" అంటే చాలు, పక్కనున్నోళ్ళు మొదట అనే మాట ఒకటే, "కారం తగ్గిచ్చు". పొద్దున ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ, మధ్యాహ్నం సంగటిలోకి ఊరిబిండి, సాయంత్రం ఎర్రకారం పూసిన దోశ, ఇట్లా తినే సీమలో ఆ మాట రావడం సహజమే. కానీ దాని వెనక ఒక పొరపాటు ఉంది, అది చిన్నదేం కాదు. మనం 'మంట' అనే ఒక్క మాటని రెండు వేరే వేరే సంగతులకి వాడేస్తున్నాం. మిరపకాయ కొరికితే నాలుకకి తగిలేదీ మంటే, పేగు గోడలో రక్షణ కణాలు గుంపుగా చేరి అది ఎర్రబడి ఉబ్బి చివరికి పుండు పడేదీ మంటే. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది ఈ రెండోదాన్ని. మొదటిది ఉందని రెండోది ఉన్నట్టు కాదు, అంతకంటే ముఖ్యం, రెండోది ఉన్నా మొదటిది అస్సలు తెలియకపోవచ్చు. ఈ తేడా తెలియక చానామంది కారం మానేసి చప్పిడి కూడు తింటూ, అసలు కారణాన్ని మాత్రం నొప్పి మాత్ర రూపంలో రోజూ రెండు పూటలా మింగుతుంటారు.

ముందు మిరపకాయ సంగతి తేల్చేద్దాం. మిరపలో ఘాటుకి కారణం కాప్సైసిన్ అనే పదార్థం. మన నరాల కొసల్లో వేడిని పసిగట్టే ఒక తలుపు లాంటి ప్రొటీన్ ఉంటుంది, పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా ఇది దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకుని "కాలుతోంది" అని మెదడుకి చెప్తుంది, అంటే మే నెలలో కర్నూలు ఎండ ఎంత ఉంటుందో అంత. కాప్సైసిన్ పోయి అదే తలుపుని వేడి లేకుండానే తెరిచేస్తుంది. దాంతో మెదడు నోరు కాలుతోందనుకుంటుంది, చెమట పట్టిస్తుంది, కళ్ళల్లో ముక్కులో నీళ్ళు తెప్పిస్తుంది, కానీ నిజంగా అక్కడ ఏదీ కాలలేదు. ఈ తలుపుని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది, దానికే ఆయనకి 2021లో నోబెల్ వచ్చింది. ఇదే తలుపు పొట్టలోనూ పేగుల్లోనూ మలద్వారం దగ్గరా ఉంటుంది కాబట్టి, కారం దండిగా తిన్న మరుసటి రోజు పొద్దున కూడా మంట తెలుస్తుంది. కారం వల్లే అల్సర్ పుడుతుందని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు. ఉన్న పుండు మీద కారం పడితే నొప్పి పెరగడం నిజమే, అది వేరే మాట, పుండు పుట్టించింది మాత్రం కారం కాదు.

మరి అసలు ఇన్‌ఫ్లమేషన్ ఎట్లా ఉంటుంది? పేగులోకి పోకముందు కాలి దగ్గర చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. చేనికి పోతుంటే కంపచెట్టు ముల్లు చెప్పు దాటుకుని మడమలో దిగిందనుకోండి. ముల్లు పీకేసినా సాయంత్రానికి ఆ చోటు ఎర్రగా అవుతుంది, చేయి పెడితే వెచ్చగా తగులుతుంది, ఉబ్బుతుంది, కాలు నేల మీద మోపితే నొప్పి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి, ఈ నాలుగు గుర్తుల్నీ రోమన్ రచయిత సెల్సస్ దాదాపు 2000 ఏళ్ళ కిందటే రాసిపెట్టాడు. లోపల జరిగేది ఏందంటే, ముల్లుతో పాటు దూరిన క్రిముల్ని అక్కడ కాపలా ఉన్న కణాలు గుర్తుపట్టి హిస్టమిన్ లాంటి రసాయనాలు వదుల్తాయి, వాటికి రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే ఎరుపు, వేడి. నాళాల గోడలు కొంచెం వదులై నీరు బయటికి ఊరుతుంది, అందుకే వాపు. ఆ సందుల్లో నుంచే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గంటల్లో వచ్చి వాలిపోతాయి. ఇవి క్రిముల్ని మింగుతాయి, ఘాటైన రసాయనాలు చిమ్మి చంపుతాయి, ఆ పనిలో పక్కనున్న మన సొంత కండని కూడా కొంచెం పాడుచేస్తాయి. చీములో తెల్లగా కనిపించేది చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్సే. ఒకటి రెండు రోజులకి మాక్రోఫేజ్ అనే పెద్ద కణాలు వచ్చి ఆ చచ్చినవాటిని మింగి శుభ్రం చేసి, "ఇంక చాలు, బాగుచేసే పని మొదలుపెట్టండి" అని కబురు మారుస్తాయి.

ఈ చివరి మెట్టు చాలా ముఖ్యం, దీన్ని మనం పట్టించుకోం. ఇన్‌ఫ్లమేషన్ దానంతట అది చల్లారిపోయేది కాదు, దాన్ని ఆపడానికి కూడా శరీరం ప్రత్యేకంగా పని చేయాలి. కాబట్టి వాపు అనేది మొదట మనకి మేలు చేసే పనే, అది లేకపోతే ఆ ముల్లే ప్రాణం తీసేది. ఆపే పని సరిగ్గా జరగనప్పుడు మాత్రం మేలు చేసే మంటే ఇల్లు కాల్చే మంట అవుతుంది.

ఇప్పుడు పేగులోకి వద్దాం. చిన్నపేగు పెద్దవాళ్ళలో 6 మీటర్ల దాకా ఉంటుంది, పెద్దపేగు ఇంకో మీటరున్నర. లోపలి వైపు గోడ మీద మనకీ తిన్న తిండికీ మధ్య ఉండేది ఒకే ఒక్క వరుస కణాలు. చర్మం లాగా పొరల మీద పొరలు కాదు, ఒక్కటే వరుస, అది కూడా 3 నుంచి 5 రోజుల్లో పాతవి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. దాని మీద జిగురు పూత ఉంటుంది. పెద్దపేగులో ఈ జిగురు రెండు పొరలు, బయటి వదులు పొరలో బ్యాక్టీరియా కాపురం ఉంటాయి, గోడకి ఆనుకున్న గట్టి పొరలోకి మామూలుగా రాలేవు. మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని ఒక అంచనా, అందులో చానా భాగం పెద్దపేగులోనే. అంత జనాన్ని ఒక్క వరుస గోడ అవతల పెట్టుకుని బతుకుతున్నాం. అందుకే శరీరంలోని రక్షణ కణాల్లో చానా భాగం పేగు గోడ కిందే మకాం వేసి ఉంటాయి.

ఇక్కడే అసలు చిక్కు. ఆ కణాలు కనిపించిన ప్రతి బ్యాక్టీరియా మీదా విరుచుకుపడితే పేగు ఒక్క రోజు కూడా నిలవదు. కడప పెద్ద దర్గా ఉరుసుకి లక్షల జనం వస్తారు, బందోబస్తుకి పోలీసులు నిలబడి ఉంటారు, వాళ్ళ పనిలో ముప్పాతిక వంతు ఏమీ చేయకుండా ఓపిగ్గా నిలబడడమే. ఎవడో ఒకడు జేబు కొడితే వాణ్ణి పట్టుకుంటారు, అంతేగానీ జనం అందరి మీద లాఠీ ఎత్తరు. పేగులో రక్షణ కణాలు కూడా అట్లా ఓర్చుకోవడం నేర్చుకున్నవి. ఆ ఓర్పు నేర్పే కణాలు విడిగా ఉంటాయి, వాటిని రెగ్యులేటరీ టీ కణాలు అంటారు. జొన్న రొట్టె, సంగటి, అలసందలు, ఉలవలు లాంటి వాటిలో అరగకుండా మిగిలిన పీచుని పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లం తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకి ముఖ్యమైన ఆహారం అదే, ఓర్పు నేర్పే కణాలు పెరగడానికి కూడా అదే సాయం చేస్తుంది. అంటే ముద్ద సంగటి తింటే మన కడుపు నిండాక, మిగిలింది పోయి పేగు గోడకి కూడు పెడుతుంది.

గోడ, జిగురు, ఓర్పు, ఈ మూడింటిలో ఏది దెబ్బతిన్నా మంట మొదలవుతుంది. సీమ పల్లెల్లో ఎక్కువగా దెబ్బతినేది జిగురు, దెబ్బతీసేది నొప్పి మాత్ర. చెనిక్కాయ చెట్లు పెరికే కాలంలో పొద్దంతా నడుము వంచి పని చేసినోళ్ళు సాయంత్రం మెడికల్ షాపు దగ్గర నిలబడి "మోకాళ్ళ నొప్పులకి ఇయ్యప్పా" అంటారు. షాపాయన స్ట్రిప్పులో నాలుగు మాత్రలు కత్తెరతో కత్తిరించి చిన్న కాగితం కవర్లో వేసి ఇస్తాడు, వెనక పేరు కూడా సగం తెగిపోయి ఉంటుంది, ఏం మాత్రో తిన్నోళ్ళకి తెలియదు. చానాసార్లు అది డైక్లోఫెనాకో ఐబుప్రొఫెనో అయి ఉంటుంది. ఇవి ఎట్లా పనిచేస్తాయో 1971లో జాన్ వేన్ చూపించాడు, 1982లో నోబెల్ అందుకున్నాడు. దెబ్బ తగిలిన చోట నొప్పినీ వాపునీ పెంచే ప్రోస్టాగ్లాండిన్స్ అనే రసాయనాలు తయారు కాకుండా ఈ మాత్రలు అడ్డుకుంటాయి. బాగానే ఉంది, కానీ పొట్టలో జిగురు ఊరేలా, గోడకి రక్తం సరిగ్గా అందేలా చూసేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్సే. మాత్రకి మోకాలు ఏదో పొట్ట ఏదో తెలియదు, రెండు చోట్లా ఆపేస్తుంది. మోకాలి వాపు తగ్గుతుంది, పొట్టలో జిగురు పలచబడి యాసిడ్ నేరుగా గోడకి తగిలి అక్కడ కొత్త వాపు మొదలవుతుంది.

పైగా అది నొప్పి మాత్ర కాబట్టి పుండు నొప్పిని కూడా కప్పేస్తుంది. పెద్ద వయసు వాళ్ళలో మొదటి గుర్తు మంట కాకుండా తారు లాగా నల్లగా వచ్చే మోషన్ అవ్వడం, లేదా ఊరికే ఆయాసం, రక్తం తక్కువైందని తేలడం, ఇది డాక్టర్లు తరచూ చూసేదే. గ్యాస్ మాత్ర కలిపి వేసుకుంటే పొట్టకి కొంత రక్షణ ఉంటుంది, నిజమే, కానీ ఈ మాత్రలు చిన్నపేగుని కూడా గీరుతాయి, అక్కడ యాసిడ్ తగ్గించే మందు కాపాడలేదు. గుండె కోసం డాక్టర్ రాసిన ఆస్పిరిన్ సంగతి వేరు, దాన్ని ఎవరికి వాళ్ళు ఆపుకుంటే ప్రాణానికే ముప్పు, అడిగే చేయాలి.

పొట్టలో వాపుకి ఇంకో పెద్ద కారణం హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని చాలాకాలం అందరూ నమ్మారు, అల్సర్ అంటే టెన్షన్, కారం, టైముకి తినకపోవడం అనేవాళ్ళు. ఆస్ట్రేలియాలో పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు 1982లో ఈ వంకర బ్యాక్టీరియాని పొట్ట ముక్కల నుంచి పెంచి చూపించారు, ఎవరూ నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే తాగేశాడు. కొన్ని రోజుల్లో వాంతులు మొదలయ్యాయి, ఎండోస్కోపీలో పొట్ట గోడకి వాపు కనిపించింది. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. ఈ క్రిమి యూరియేజ్ అనే ఎంజైమ్‌తో తన చుట్టూ అమ్మోనియా తయారుచేసుకుని యాసిడ్‌ని చంపుకుంటూ జిగురు కింద దాక్కుంటుంది. ఎక్కువగా చిన్నప్పుడే, ఇంట్లో వాళ్ళ నుంచే అంటుకుంటుంది. అంటుకున్న వాళ్ళందరికీ పొట్టలో కొంచెం వాపు ఉంటుంది, ఎక్కువ మందికి ఏమీ తెలియదు, కొంతమందికే అల్సర్ అవుతుంది, ఇంకా కొద్దిమందికి ఏళ్ళ తర్వాత క్యాన్సర్ దాకా పోతుంది.

దీన్ని పట్టుకునే పరీక్ష చూడ్డానికి చాలా బాగుంటుంది. ఎండోస్కోపీ చేస్తూ పొట్ట గోడ నుంచి బియ్యపు గింజకంటే చిన్న ముక్క తీసి పసుపు రంగు జెల్‌లో గుచ్చుతారు. క్రిమి ఉంటే దాని అమ్మోనియా వల్ల ముక్క చుట్టూ గులాబీ రంగు తేలి మెల్లగా పసుపంతా ఎర్రబారిపోతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది, పాంటోప్రజోల్, ఒమిప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు వాడుతూ పరీక్ష చేయించుకుంటే క్రిమి ఉన్నా లేదనే రావొచ్చు. అందుకే పరీక్షకి రెండు వారాల ముందు వాటిని ఆపమంటారు. పరగడుపున గ్యాస్ మాత్ర టీ లాగా రోజూ అలవాటైన ఇళ్ళల్లో ఈ సంగతి డాక్టర్‌కి చెప్పడమే మర్చిపోతారు. క్రిమి ఉందని తేలితే రెండు వారాలు యాంటీబయాటిక్స్ కోర్సు, నాలుగో రోజుకే బాగుందని మధ్యలో ఆపేస్తే క్రిమి మొండిదై కూర్చుంటుంది.

తర్వాత నీళ్ళు. ఎండాకాలం ట్యాంకర్ నీళ్ళు, తొలి వానలకి పైపుల్లో మురుగు కలవడం, వెంటనే వీధి వీధంతా విరేచనాలు, ఇది అనంతపురం జిల్లా వాళ్ళకైనా ఆదోని వైపు వాళ్ళకైనా కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ అన్ని విరేచనాలూ ఇన్‌ఫ్లమేషన్ కాదు, దీనికి కలరా కంటే మంచి ఉదాహరణ లేదు. కలరా క్రిమి పేగు గోడని చీల్చదు, లోపలికి చొరబడదు, ఒక విషం వదిలి పేగు కణాల్లో నీళ్ళ పంపుని ఆపకుండా తిరిగేట్టు చేస్తుంది. ఆ విషం ఉందని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే రుజువు చేశాడు. గంజి లాంటి నీళ్ళు కడవల కొద్దీ పోతాయి, రక్తం ఉండదు, జ్వరం కూడా పెద్దగా ఉండదు, మనిషి ఒంట్లో నీరు అయిపోయి చనిపోతాడు, పేగు గోడ మాత్రం దాదాపు బాగానే ఉంటుంది. షిగెల్లా అనే ఇంకో క్రిమి దీనికి పూర్తిగా వ్యతిరేకం. వంద లోపు క్రిములు కడుపులోకి పోయినా చాలు, గోడ కణాల్లోకి దూరి ఒకదాంట్లో నుంచి ఇంకోదాంట్లోకి పోతూ చంపుతుంది, న్యూట్రోఫిల్స్ దండెత్తి వస్తాయి, గోడ పుండ్లు పడుతుంది. అందుకే జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, కొంచెం కొంచెంగా రక్తం జిగురు కలిసి వచ్చే మోషన్, మన పెద్దోళ్ళు జిగట విరేచనాలు అనేది ఇట్లాంటివాటినే. రెండింటికీ ఓఆర్‌ఎస్ కావాలి, కానీ రక్తం పడుతుంటే మోషన్లు బిగించే మాత్ర వేయకూడదు, లోపల దాడి జరుగుతుంటే తలుపులు మూసినట్టవుతుంది.

ఇవన్నీ కారణం తెలిసి, కారణం పోతే చల్లారే మంటలు. చల్లారని మంటలు రెండున్నాయి, అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్. మొదటిదాన్ని 1859లో శామ్యూల్ విల్క్స్ వర్ణించాడు, రెండోదానికి 1932లో రాసిన బరిల్ క్రోన్ పేరు పెట్టారు. ఇందాక చెప్పిన ఓర్పు తప్పిపోవడం అంటే ఇదే. కొంత పుట్టుకతో వచ్చే జన్యువులు, కొంత పేగులో బ్యాక్టీరియా మారిపోవడం, కొంత తిండి, యాంటీబయాటిక్స్, క్రోన్స్‌లో అయితే పొగ తాగడం, ఇవన్నీ కలిసి పేగు కాపలా వాళ్ళు జనం మీదే లాఠీ ఎత్తేస్తారు, ఎవరు ఎత్తమన్నారో తేలదు, ఎవరు ఆపాలో తెలియదు. టీఎన్‌ఎఫ్, ఐఎల్-23 లాంటి కబురు రసాయనాలు ఒకదాన్ని ఒకటి ఎగదోస్తూ పోతాయి. కొలైటిస్ మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది, లోపలి పొర వరకే ఉంటుంది. క్రోన్స్ నోటి నుంచి కింది దాకా ఎక్కడైనా, మధ్యలో మంచి పేగు వదిలేసి ముక్కలు ముక్కలుగా వస్తుంది, గోడ మొత్తం లోతుకి దిగుతుంది, మచ్చ కట్టి పేగు సన్నబడిపోవచ్చు. అట్లా సన్నబడినప్పుడు పీచు ఎక్కువ తింటే అడ్డుపడుతుంది, అందుకే పైన చెప్పిన జొన్నలు, ఉలవలు అందరికీ అన్ని వేళలా మంచివి అనుకోకూడదు.

మన దగ్గర ఈ రోగాలు రెండు చోట్ల దారి తప్పుతాయి. మోషన్‌లో రక్తం పడగానే మొలలు అనుకుని నెలల తరబడి మొలల మందు, ఆకు పసరు వాడడం ఒకటి. రెండోది ఇంకా చిక్కైంది, పేగు టీబీ. చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోటే టీబీకీ క్రోన్స్‌కీ రెండింటికీ ఇష్టమైన చోటు, రెండింటిలోనూ పుండ్లు, సన్నబడడం, బరువు తగ్గడం, జ్వరం. ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూసినా కొన్నిసార్లు తేల్చలేరు. తేలకపోతే మన దేశంలో చాలామంది డాక్టర్లు ముందు టీబీ మందులు పెట్టి, రెండు మూడు నెలలకి మళ్ళీ కొలనోస్కోపీ, అంటే మలద్వారం నుంచి గొట్టం పంపి పెద్దపేగు చూసే పరీక్ష, చేసి పుండ్లు మానాయా లేదా చూస్తారు. రోగి బంధువులు "ఏందో తేల్చకుండానే మందులిస్తున్నారు" అని కోప్పడతారు, కానీ అది తెలివైన జాగ్రత్తే. క్రోన్స్ అనుకుని టీబీకి పొరపాటున స్టెరాయిడ్ ఇస్తే క్రిమి రెచ్చిపోతుంది. క్రోన్స్‌కి 1998 నుంచి వాడుతున్న ఇన్‌ఫ్లిక్సిమాబ్ టీఎన్‌ఎఫ్‌ని పట్టేసి మంట చల్లార్చే మందు, కానీ ఒంట్లో నిద్రపోతున్న టీబీని కట్టి ఉంచేది కూడా ఆ టీఎన్‌ఎఫే. అందుకే ఆ ఇంజెక్షన్‌కి ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్షలు తప్పనిసరిగా చేయిస్తారు.

వీటికి అటు పక్కన ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) ఉంది, కడుపు ఉబ్బరం, నొప్పి, తిన్న వెంటనే మోషన్, అన్నీ ఉంటాయి, కొలనోస్కోపీలో ఏమీ కనిపించదు. అంటే నటన కాదు, అక్కడ నరాలు మరీ సున్నితమైపోయాయి, కారం తగిలితే మామూలు వాళ్ళకంటే ఎక్కువ గింజుకుంటారు. కారం తగ్గించు అనే సలహా నిజంగా పనికొచ్చేది ఎక్కువగా వీళ్ళకే. ఐబీఎస్ వాళ్ళనీ నిజంగా పేగులో వాపున్న వాళ్ళనీ విడదీయడానికి కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష ఉంది, కొంచెం మలం ఇస్తే చాలు. న్యూట్రోఫిల్ లోపలుండే ప్రొటీన్లలో పెద్ద వాటా ఇదే, కాబట్టి పేగులోకి న్యూట్రోఫిల్స్ వచ్చి చస్తుంటే మలంలో ఇది పెరుగుతుంది, ఐబీఎస్‌లో పెరగదు. నొప్పి మాత్రలు వాడినా కొంచెం పెరగొచ్చు, అది చెప్పి ఇవ్వాలి. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ రోగం ఇంకో రకం, అందులో రక్షణ కణాలు చిన్నపేగు గోడనే అరగదీస్తాయి. అట్లాంటి వాళ్ళకి జొన్న, కొర్ర, రాగుల్లో గ్లూటెన్ లేకపోవడం పెద్ద ఊరట, గోధుమపిండి కలవకుండా పట్టించుకుంటే చాలు.

మళ్ళీ మొదటి మాటకి వస్తే, మంట లేకుండా వాపు ఉండడం అనేది కొలైటిస్ వాళ్ళలో బాగా కనిపిస్తుంది. మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకి రక్తం ఆగిపోతుంది, ఆకలి పుడుతుంది, బరువు పెరుగుతారు, "బాగైపోయింది కదా, మళ్ళీ మందులు యాలప్పా" అని ఆపేస్తారు. కొలనోస్కోపీలో మంచి పేగు లేత గులాబీ రంగులో మెరుస్తూ, సన్నటి రక్తనాళాలు చెట్టు కొమ్మల్లాగా కనిపిస్తూ ఉంటుంది. వాపున్న చోట ఆ కొమ్మలు కనిపించవు, ఎర్రగా గరుకుగా ఉంటుంది, గొట్టం తగిలితే రక్తం చిమ్ముతుంది. మనిషికి ఏ బాధా లేని రోజున కూడా కొంతమందిలో ఆ కొమ్మలు తిరిగి వచ్చి ఉండవు. పైకి నున్నగా కనిపించినా ముక్క తీసి చూస్తే లోపల న్యూట్రోఫిల్స్ ఇంకా ఉంటాయి. ఆ మిగిలిన వాపే కొన్ని నెలలకి మళ్ళీ రక్తం తెప్పించేది, ఏళ్ళ తరబడి ఉంటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెంచేదీ అదే. అందుకే జబ్బు మొదలై 8 ఏళ్ళు దాటిన కొలైటిస్ రోగులకి, ఏ మంటా లేకపోయినా సరే, కొలనోస్కోపీ చేసి చూడాలని డాక్టర్లు పిలుస్తారు.